వెండి రంగు కింద ఎరుపు

భీమేశ్వరరావు చేతికి బొమ్మకారు ఏదిచ్చినా ముందు దాన్ని వెల్లకిలా తిప్పేవాడు. ముఖం చూసేవాడు కాదు, కడుపు చూసేవాడు. బొటనవేలితో అడుగురేకు మీద ఒకసారి రాసి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, కంటికి బెత్తెడు దూరంలో పెట్టుకొని చూసేవాడు. ఆ తరవాత ముక్కుపుటాలు కొంచెం విచ్చుకునేవి. "ఛీ" అనేవాడు. పెద్దగా కాదు. కాఫీలో చీమ కనిపిస్తే అనేంత.

పైన రంగు అందరూ చూస్తారని వేస్తారు, కింద ఎవరూ చూడరని వదిలేస్తారు, ఆ వదిలేసిన చోటే మనిషి బయటపడతాడు అనేది అతని వాదన.

తుని పక్క పల్లెలో పుట్టాడు. కాకినాడలో పాలిటెక్నిక్ చదివాడు. అరవై ఎనిమిదిలో ఢిల్లీ వచ్చి కేంద్ర ప్రభుత్వ శాఖ ఒకదానిలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. గోదాముల పటాలు, కాలవగట్ల పటాలు గీసేవాడు. మైలు పొడవున్నదాన్ని మూరెడు కాగితం మీదికి దించడం అతని ఉద్యోగం. పెద్దదాన్ని చిన్నది చేసేటప్పుడు ఎక్కడ దొంగతనం జరుగుతుందో అతనికి తెలుసు. గోడ మందం దగ్గర జరుగుతుంది. మలుపు దగ్గర జరుగుతుంది.

డెబ్బై రెండు చలికాలంలో ఒక ఆదివారం, ఎర్రకోట వెనక నేలమీద పరిచి అమ్మే బజారులో, మొదటి కారు దొరికింది. ఎంబసీల వాళ్ళు ఇళ్ళు ఖాళీ చేస్తూ పారేసిన సామాను అక్కడికి చేరేది. మాడిపోయిన టోస్టర్లు, ఒంటి బూట్లు, తల లేని బొమ్మలు. ఆ కుప్పలో వెండి రంగు రేసుకారు ఒకటి, అరచేతిలో పట్టేంత. పొడుగాటి ముక్కు, పక్కన పొగగొట్టం, డ్రైవరు కూర్చోడానికి పైకప్పు లేని గుంట. ఒక చక్రం లేదు. తిప్పి చూస్తే ఇంగ్లండులో చేసినట్టు రాసి ఉంది. ఆ కారు ఒకప్పుడు నిజంగా ఉండేదని, జర్మనీ తరఫున పందేలు గెలిచి మ్యూజియానికి చేరిందని అదే బజారులో కొన్న పాత పత్రిక చెప్పింది. పైనుంచి, పక్కనుంచి, కిందనుంచి తీసిన ఫొటోలు, కొలతలు అందులో ఉన్నాయి. భీమేశ్వరరావు ఆ కొలతల్ని నలభై మూడో వంతుకు కుదించి పటం గీశాడు. పటం పక్కన బొమ్మను పెట్టాడు. పోలిక లేదు.

అక్కడితో ఆగిపోవలసింది. ఇంకెవరైనా దాన్ని సరిగ్గా చేశారేమో చూడాలనిపించింది. పదమూడేళ్ళు చూశాడు.

ఇంగ్లీషువాడి కారు రాయిలా బరువు. చక్రాలు ఎడ్లబండి చక్రాల్లా లావు. డ్రైవరుకు తల ఉంది, ముఖం లేదు. గుంటలో మేకు దిగ్గొట్టినట్టు దిగ్గొట్టారు. ఫ్రెంచివాడిది నాజూకు. ఒంపులన్నీ కుదిరాయి. చక్రాల దగ్గరికొచ్చేసరికి వాడికి విసుగు పుట్టినట్టుంది, సన్నని తీగ ఊచలకు బదులు చిల్లుల రేకుబిళ్ళ తగిలించాడు. పట్టుచీర కట్టి హవాయి చెప్పులు వేసుకున్నట్టు. ఇటలీవాడు ముక్కును చిలకముక్కులా వంచాడు. పందెంలో తమని ఓడించిన కారని కావాలనే వంచాడని భీమేశ్వరరావు అనుమానం. జపానువాడి కారుకు కొలతల్లో వెంట్రుకవాసి తేడా లేదు. సీటు తోలు మీద కుట్లు కూడా ఉన్నాయి. దాన్ని చూస్తే అతనికి ఇంకా ఎక్కువ రోత పుట్టేది. స్నానం చేయించి తల దువ్వి కూర్చోబెట్టిన శవంలా ఉందనేవాడు. ఇక హాంకాంగు ప్లాస్టిక్‌ది. అది కారును చూసి చేసింది కాదు, ఇంగ్లీషువాడి బొమ్మను చూసి చేసింది. ఇంగ్లీషువాడి అచ్చులో ఎడమపక్క ఒక పొక్కు లేచింది. హాంకాంగువాడు ఆ పొక్కును కూడా శ్రద్ధగా పోతపోశాడు.

ఐదింటినీ పాత బనీను గుడ్డల్లో చుట్టి, బిస్కెట్ల రేకుడబ్బాలో పెట్టి, మంచం కింద ట్రంకులో దాచేవాడు.

"నచ్చనివి దాచుకోడం ఎందుకండీ?" అనేది భార్య అన్నపూర్ణేశ్వరి.

"నచ్చితే ఒకటి చాలును కదా."

"పెళ్ళిచూపుల్లో నన్నూ ఇలాగే తిప్పి చూశారేంటి?"

"పెళ్ళిచూపులకు నేను రాలేదు. మా అమ్మొచ్చింది."

"అదృష్టవంతురాల్ని" అనేది ఆమె.

ఎర్రకోట వెనక బజారులోనే అనంతరామయ్య పరిచయం. వరంగల్ మనిషి. రైల్వేలో మెకానికల్ ఇంజనీరుగా పనిచేసి రిటైరై, యమున అవతల మయూర్ విహార్‌లో కొత్తగా కట్టిన ఫ్లాటులో ఒక్కడే ఉండేవాడు. ఆయన పాత రేకుబొమ్మలు పోగుచేసేవాడు, కీ ఇస్తే నడిచేవి మాత్రమే. ఏది కొనబోయినా ముందు భీమేశ్వరరావు చేతిలో పెట్టేవాడు.

"ఏమయ్య, ఇదేమంటవ్?"

"లోపల చక్రాల పళ్ళు అరిగిపోయాయండి. వద్దు."

"దుకాణం పిలగాన్ని సూడు, నిన్ను నమిలి మింగేటట్టు సూస్తుండు" అని నవ్వి వదిలేసేవాడు. ఎందుకు వద్దని మళ్ళీ అడిగేవాడు కాదు. పదేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. ఢిల్లీలో తన మాటకు అంత విలువ ఇచ్చిన మనిషి భీమేశ్వరరావుకు ఇంకొకరు లేరు. ఆఫీసులో అతని మాటకు విలువ లేదు, గీతకే విలువ.

అనంతరామయ్య బొమ్మలన్నిటిలోకీ గొప్పది కూడా ఆ వెండి రేసుకారు బొమ్మే. మూరెడు పొడుగున్న జర్మన్ రేకుబండి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు చేసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో కాజీపేటలో ఒక ఆంగ్లో ఇండియన్ ఇంజను డ్రైవరు దగ్గర కొన్నాడు. కీ ఇచ్చి వదిలితే గదిలో ఒక చుట్టు తిరిగి గోడకు తగిలి ఆగేది. కొలతల ప్రకారం చూస్తే అందులో సరైనదంటూ ఒక్కటీ లేదు. భీమేశ్వరరావు దాన్ని తిప్పి చూసి "ఛీ" అనలేదు. మళ్ళీ కీ ఇవ్వమన్నాడు.

ఎనభై రెండులో రాధాకృష్ణమూర్తి యూరప్ నుంచి వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, భీమేశ్వరరావు పనిచేసే శాఖలోనే జాయింట్ సెక్రటరీ. పండారా రోడ్‌లో బంగళా. ఒక సెలవునాడు అర్జెంటుగా పటం కావాలని కబురొస్తే భీమేశ్వరరావు స్కూటరు మీద వెళ్ళి ఇచ్చాడు. ఆయన పటం చూస్తున్నంతసేపూ ఇతను సోఫా అంచున కూర్చున్నాడు. ఎదురుగా గాజుబీరువా. అందులో, వెల్వెట్ గుడ్డ మీద, వెండి కారు.

చక్రాలు చూశాడు. తీగ ఊచలు. ఒక్కొక్క తీగా విడివిడిగా, జుట్టంత సన్నగా.

"చేత్తో చేసిందాండీ?" అన్నాడు.

"ఊఁ" అన్నాడు రాధాకృష్ణమూర్తి, పటంలోంచి తలెత్తకుండా.

బీరువా తెరవమని అడగలేదు. అడిగితే తెరిచేవాడేమో. చేతికిస్తే తిప్పాలి. పైఅధికారి వస్తువును ఆయన ఎదురుగా వెల్లకిలా తిప్పడమంటే ఆయన్నే తిప్పినట్టు. భీమేశ్వరరావు చేతులు ఒళ్ళోనే ఉంచుకున్నాడు. లేచి నిలబడి, ఆరడుగుల దూరం నుంచి, వెనక చేతులు కట్టుకొని, గుళ్ళో మూలవిరాట్టును చూసినట్టు చూసి వచ్చేశాడు.

ఆ తరవాత మూడేళ్ళూ ఆరో కారు గురించే మాట. క్యాంటీనులో చెప్పాడు, బస్‌స్టాపులో చెప్పాడు, ఆంధ్రా అసోసియేషన్ ఉగాది భోజనాల్లో పులిహోర వడ్డించేవాడికి చెప్పాడు. అనంతరామయ్యకు ప్రతి ఆదివారం చెప్పాడు. ప్రపంచంలో ఆ కారును నిజంగా చేసినవాడు ఒక్కడే ఉన్నాడు, అది పండారా రోడ్‌లో ఉంది. మంచం కింద ఉన్న ఐదూ అప్పటినుంచి అతనికి మరీ రోతగా కనిపించసాగాయి. డబ్బా తీసి చూడటం తగ్గించేశాడు.

ఎనభై ఐదు సెప్టెంబరులో నాగపూర్ బదిలీ ఆర్డరు వచ్చింది. అక్టోబరు ఆఖరుకు కదలాలి. కూతురు కమలాకుమారి పన్నెండో తరగతి. మార్చిలో బోర్డు పరీక్షలు. క్వార్టరు ఖాళీ చేస్తే పిల్లను ఎక్కడ ఉంచాలి? నడి ఏడాదిలో నాగపూర్‌లో ఏ స్కూలు చేర్చుకుంటుంది? అన్నపూర్ణేశ్వరి పొయ్యి దగ్గర ఏడ్చేది. కమల మాత్రం "నాన్నా, మై నహీఁ జా రహీ. నేను రాను" అని తలుపు వేసుకునేది.

భీమేశ్వరరావు రాధాకృష్ణమూర్తి గదికి వెళ్ళి, కుర్చీ చూపించినా కూర్చోకుండా విన్నవించుకున్నాడు. ఈ ఒక్క ఏడాదీ ఆపితే చాలునన్నాడు.

"చూద్దాంలే" అన్నాడాయన.

పది రోజులకు ఆయనే పిలిచాడు.

"మీ రైల్వే ఆయన దగ్గర పాత జర్మన్ రేకుబండి ఒకటుందటగా?"

"ఉందండి. మహా ఇష్టమండి ఆయనకి."

"నాకు మళ్ళీ పోస్టింగు వస్తోంది, మ్యూనిక్. అక్కడ అలాంటివాటి కోసం పడిచస్తారయ్యా. నా బీరువాలోది ఆయనకిస్తాను. మారుస్తాడేమో కనుక్కో."

భీమేశ్వరరావుకు గుండె ఆగినంత పనైంది. భయంతో కాదు, సంతోషంతో. ఆరో కారు అనంతరామయ్యకు! ఇక ఎప్పుడు కావాలంటే అప్పుడు మయూర్ విహార్ వెళ్ళి, చేతిలో పెట్టుకొని చూడొచ్చు. ఆ ఆదివారమే వెళ్ళి చెప్పాడు. అనంతరామయ్య రేకుబండిని ఒళ్ళో పెట్టుకొని చాలాసేపు దాని వీపు నిమిరాడు.

"ఇయ్యొచ్చంటవా?"

"నేనైతే ఇస్తానండి."

"నువ్వు గట్లన్నంక ఇంకేమున్నది? ఇస్త."

అదే సాయంత్రం రాధాకృష్ణమూర్తి బీరువా తెరిచి కారును అట్టపెట్టెలో పెట్టి ఇచ్చాడు. వెనక చక్రం ఒకటి వదులైంది, బిగించి పట్టుకురమ్మన్నాడు. మరుసటి ఆదివారం భోజనానికి అనంతరామయ్యను పిలుస్తాననీ, మార్పిడి అప్పుడేననీ చెప్పాడు. "ఆయన నీ మాట వింటాడటగా. నువ్వూ ఉండు."

భీమేశ్వరరావు స్కూటరు అక్కడే వదిలి ఆటోలో వచ్చాడు, పెట్టె కుదుపుకు లోనవుతుందని. ట్రంకులోంచి ఐదింటినీ తీసి బల్ల మీద వరసగా పెట్టి, చివర ఆరోదాన్ని నిలబెట్టాడు. దీపం కింద కాదు, పగటి వెలుతురులో తిప్పి చూడాలనుకున్నాడు. మర్నాడు మహర్నవమి. వాళ్ళ శాఖకు సెలవు లేదు. ఆ మర్నాటి దసరా సెలవులో తీరిగ్గా చూద్దామని ఆఫీసుకు వెళ్ళిపోయాడు.

సాయంత్రం వచ్చేసరికి ఇల్లంతా సాంబ్రాణి వాసన. ఆయుధపూజ చేసింది అన్నపూర్ణేశ్వరి. కుట్టుమిషనుకు బొట్టు, కత్తిపీటకు బొట్టు, అతని టీస్క్వేరుకు, వృత్తలేఖినుల పెట్టెకు బొట్టు. బల్ల మీద ఆరు కార్లకూ పసుపు రాసి, కుంకం పెట్టి, ఒక్కోదాని ముందు అక్షింతలు చల్లింది. ఆరోదానికి మాత్రం ముక్కు పొడవునా పసుపు దట్టంగా మెత్తి, మూడు బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయ ముక్కలు కూడా ఉంచింది.

భీమేశ్వరరావు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏం చేశావే!"

"వాహనాలు కావేంటి? ఏడాదికోసారి వాటికీ చెయ్యాలి కదండీ. ఎప్పుడూ ట్రంకులో పెడతారు, ఈసారి ఎదురుగా ఉన్నాయి."

"దానికెందుకు అంత పూశావు?"

"ఆఫీసరుగారిది కదా. ఆయన చల్లగా ఉంటే మన ఆర్డరు ఆగుతుందని." కొంచెం ఆగి, "తప్పా?" అంది.

తడిగుడ్డ తెచ్చాడు. ఐదు కార్ల మీద పసుపు ఒక్క తుడుపుకి పోయింది. హాంకాంగుది కూడా శుభ్రంగా బయటపడింది. ఆరోదాని ముక్కు పచ్చగానే ఉండిపోయింది. రంగు పసుపును పీల్చుకుంది. స్టవ్వులోంచి కొంచెం కిరసనాయిలు గుడ్డకు అద్ది మెల్లగా రాశాడు. పసుపు పోయింది. దాంతోపాటు వెండి రంగూ పోయింది. గుడ్డ బూడిదరంగుకు తిరిగింది. కింద ఎర్రగా కనిపించింది.

కుంకమనుకున్నాడు. మళ్ళీ రాశాడు. కుంకం కాదు. ఎర్ర రంగు, గట్టిది, పాతది.

అప్పుడు తిప్పాడు. మూడేళ్ళ తరవాత.

అడుగున తయారీవాడి పేరు ఉండవలసిన చోట ఆకురాయితో అరగదీసిన గీతలు ఉన్నాయి. గీతల మధ్య రెండు అక్షరాల తోకలు మిగిలాయి. పొగగొట్టం వెళ్ళవలసిన చోట పొగగొట్టం లేదు, వేరే కారు తాలూకు గాడి ఉంది. ముక్కు మీద గోరుతో నొక్కితే దిగింది. కిటికీ అద్దాలకు పెట్టే లప్పం. ఏదో చవక ఎర్ర బొమ్మకారుకు లప్పంతో ముక్కు అతికి, వెండి రంగు పూసి, ఎక్కడినుంచో తెచ్చిన మంచి చక్రాలు నాలుగు తగిలించారు. చక్రాలు మాత్రమే నిజం. అతను చూసిందీ వాటినే.

భీమేశ్వరరావు పెరట్లోకి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. కిరసనాయిలు వాసన పోలేదు. మళ్ళీ కడుక్కున్నాడు. ఇంగ్లీషువాడి లావు చక్రాలను ఏవగించుకున్నాడు, ఇటలీవాడి వంకర ముక్కును ఏవగించుకున్నాడు. వాళ్ళు చేతకాక చేసినవి. హాంకాంగువాడి పొక్కు కూడా అమాయకపు పొక్కు. ఈ ఆరోదాన్ని చేసినవాడికి అంతా చేతనవును. మరి దీన్ని పొగిడినవాడో? ఆ పూట అన్నం ముట్టలేదు.

విజయదశమి సెలవు. పొద్దున్నే పెట్టె పట్టుకొని పండారా రోడ్ వెళ్ళాడు. రాధాకృష్ణమూర్తి వరండాలో పేపరు చదువుతున్నాడు.

"ఇది ఆ కారు కాదండి."

"మరేంటి?"

"ఏదో ఎర్రకారుకి రంగేశారండి. మిమ్మల్ని ఎవరో మోసం చేశారు."

రాధాకృష్ణమూర్తి పేపరు మడిచాడు. నవ్వాడు. నొప్పించే నవ్వు కాదు, చిన్నపిల్లాడి తప్పుకు నవ్వినట్టు.

"నన్నెవరు మోసం చేస్తారయ్యా? సంతలో కొన్నాను. బీరువాలో బాగుంటుందని కొన్నాను. అది గొప్పదని నేనెప్పుడైనా అన్నానా? మూడేళ్ళుగా ఊరంతా చెప్పింది నువ్వు. నువ్వు చెప్పాకే అది గొప్పదని నాకూ తెలిసింది."

భీమేశ్వరరావు ఎంత గుర్తు తెచ్చుకున్నా, మూడేళ్ళ కిందటి ఒక్క "ఊఁ" తప్ప ఆయన నోటివెంట ఇంకేమీ వచ్చినట్టు లేదు.

"ఆ ముక్కు మీద కాస్త రంగెయ్యి. నీ చేతిపని అంటే చూడక్కర్లేదు. ఆదివారం ఆయనొస్తాడు, బాగుందని ఒక్క మాట అను. నీ నాగపూర్ కాగితం నా బల్ల మీదే ఉంది." పేపరు మళ్ళీ విప్పుకున్నాడు. "కాఫీ తాగి వెళ్ళు."

తాగాడు. వద్దనలేక తాగాడు.

సరోజినీ నగర్ మార్కెట్లో వెండి రంగు చిన్న డబ్బా కొన్నాడు. గురువారం, శుక్రవారం ఆఫీసు నుంచి వచ్చాక కూర్చున్నాడు. పాత రంగుతో కలిసేలా ఒక చుక్క నలుపు కలిపి, సన్నటి కుంచెతో పొర మీద పొర వేశాడు. అడుగున ఆకురాయి గీతలు కనిపించకుండా అక్కడా పూశాడు. అది ఎవరూ చెప్పలేదు, తనంతట తనే చేశాడు. పని అద్భుతంగా కుదిరింది. ఎక్కడ అతుకు ఉందో తనకే తెలియలేదు. తన వేళ్ళు చూసుకుంటే తనకే అసహ్యం వేసింది.

కమల చదువు మధ్యలో లేచి వచ్చి తొంగిచూసింది.

"నాన్నా, బిల్కుల్ కొత్తగా లగ్ రహా హై! మీరు బేచ్తారా... అదే, అమ్ముతారా?"

"చదువుకో పో" అన్నాడు. ఎన్నడూ లేనంత కటువుగా అన్నాడు. పిల్ల ముఖం చిన్నబుచ్చుకొని వెళ్ళిపోయింది.

ఆదివారం అనంతరామయ్య తెల్ల పంచె కట్టుకొని, రేకుబండిని తువ్వాలులో చుట్టి చంకలో పెట్టుకొని వచ్చాడు. గుత్తివంకాయ, పప్పుచారు, గారెలు. భీమేశ్వరరావు ముద్ద నోట్లో పెట్టుకుంటే వంకాయ మీద నూనె కిరసనాయిలులా తగిలింది. మింగాడు. పక్కన అనంతరామయ్య కాజీపేట లోకోషెడ్డు కబుర్లు చెబుతూ రెండోసారి పెరుగన్నం కలుపుకున్నాడు.

భోజనాలయ్యాక రాధాకృష్ణమూర్తి అట్టపెట్టె తెరిచాడు. అనంతరామయ్య కారును రెండు చేతుల్తో తీసుకున్నాడు. చక్రం వేలితో తిప్పి చూశాడు. మురిసిపోయాడు. తరవాత ఎందుకో ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"రంగు వాసనొస్తున్నది గదా?"

రాధాకృష్ణమూర్తి మాట్లాడలేదు. ఆయన ఏనాడూ మాట్లాడలేదు. భీమేశ్వరరావు వంక చూశాడంతే.

"బీరువాకి మొన్న పండక్కి వార్నిష్ వేశారండి" అన్నాడు భీమేశ్వరరావు. "ఆ వాసన పట్టింది."

"అట్లనా." అనంతరామయ్య కారును కిందికి దించాడు. "మరి నువ్వేమంటవ్?"

పదేళ్ళుగా అడిగే మాటే. పదేళ్ళుగా అడిగినట్టే అడిగాడు.

"బాగుందండి. ఇదొక్కటే బాగుంది."

అనంతరామయ్య తలూపాడు. తువ్వాలు విప్పి రేకుబండిని బల్ల మీద పెట్టాడు. చివరిసారి కీ ఇవ్వబోయి, ఎందుకులే అన్నట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వెండి కారును అదే తువ్వాలులో చుట్టుకున్నాడు. గేటు దగ్గర భీమేశ్వరరావు భుజం తట్టి, "నీ దయ" అన్నాడు.

ఇంటికొస్తే అన్నపూర్ణేశ్వరి మంచం మీద బట్టలు మడతపెడుతోంది.

"ఏమన్నారు?"

"ఆర్డరు ఆగుతుంది."

ఆమె చేతులు జోడించి గోడమీది పటానికి దణ్ణం పెట్టింది. తరవాత అతని ముఖం చూసి, "మీరేమన్నారు?" అంది.

"బాగుందన్నాను."

ఆమె మడతపెట్టిన లంగాను మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టింది. "పిల్ల చదువు కోసమే కదండీ" అంది. ఆ మాట ఆమెకే ఆనినట్టు లేదు.

మర్నాడు పొద్దున భీమేశ్వరరావు గడ్డం చేసుకోకుండా బయల్దేరాడు. ఐటీఓ దగ్గర బస్సు మారి యమున దాటాడు. దారిపొడుగునా ఒకటే అనుకున్నాడు. చెప్పేస్తాను. అనంతరామయ్య రాధాకృష్ణమూర్తి మీద విరుచుకుపడతాడు, రేకుబండి వెనక్కి వస్తుంది, నాగపూర్ వెళ్ళవలసి వస్తుంది. వెళ్తాను. అలా అనుకున్నాక, వారం తరవాత మొదటిసారి ఊపిరి తిన్నగా ఆడింది.

అనంతరామయ్య బనీనుతో తలుపు తీశాడు. "అరె, పొద్దుగాల్నే! రా, లోపటికి రా." టీవీ మీద, తువ్వాలు నాలుగు మడతలు వేసి, దాని మీద పెట్టుకున్నాడు కారును.

భీమేశ్వరరావు గుమ్మం బయటే నిలబడి చెప్పాడు. ఎర్రకారు గురించి, లప్పం గురించి, వార్నిష్ గురించి. నాగపూర్ గురించి కూడా. ఏదీ దాచలేదు. అంతా అయ్యాక అనంతరామయ్య లోపలికి వెళ్ళి కారును తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"తీస్కపో."

"ఆయన దగ్గరికి ఇప్పుడే వెళ్దామండి. నేనూ వస్తాను. ఆయన ముందే చెప్తాను."

"ఎందుకు? ఆయననేమన్న అడిగిన్నా నేను? ఆయన నాకేం జెప్పిండు?" అనంతరామయ్య గొంతు పెంచలేదు. "నా బండి ఆయన కారుకియ్యలే. నీ మాటకిచ్చిన. ఇచ్చినంక మల్ల గుంజుకునుడు నాకు రాదు. నీ కొలువు నువ్వు జేస్కో, నీ బిడ్డను సదివించుకో. నేనెవ్వరికి జెప్ప."

"అనంతరామయ్యగారూ..."

"ఆదివారం బజారుకు నేను రాను. నువ్వు గూడ ఈడికి రాకు."

తలుపు వేశాడు. విసురుగా వెయ్యలేదు. గొళ్ళెం మెల్లగా పడింది.

భీమేశ్వరరావు కారును సంచిలో వేసుకొని మెట్లు దిగాడు. వచ్చిన బస్సే ఎక్కి ఆఫీసుకు వెళ్ళాడు. బదిలీ ఆపినట్టు ఆర్డరు అతని బల్ల మీద అప్పటికే ఉంది. ప్యూను పళ్ళు బయటపెట్టి నవ్వుతూ, "ముబారక్ హో రావ్ సాబ్! బడే సాబ్ నే తో శుక్రవార్ కో హీ సైన్ కర్ దియా థా" అన్నాడు. పెద్దసారు శుక్రవారమే సంతకం పెట్టేశాడు. తను రెండో పొర రంగు వేసిన రోజు, బాగుందని ఇంకా అనని రోజు.

అందినట్టు సంతకం పెట్టాడు. సంచి బల్ల కిందికి నెట్టాడు. కొత్త గోదాము పటం కాగితం పరిచి, నాలుగు మూలలా పిన్నులు గుచ్చి, పెన్సిలు చెక్కుకున్నాడు.